కన్ను పెట్టని పిట్ట

బావా,

ఎలా ఉన్నావని అడగను. అక్కడ నీకు మగ్గం లేకపోతే ఎలా ఉంటావో నాకు తెలుసు. నువ్వు పోయి ఏడాది దాటింది. మళ్లీ వానకాలం వచ్చింది. గద్వాలలో ముసురు పట్టి వదలడం లేదు. నూలు చెమ్మ తాగి బరువెక్కింది. అక్క కండెలు చుడుతుంటే పోగు ఆమె వేళ్లకు అంటుకుంటోంది.

ఈ ఉత్తరం నీ ఏడాది నాడే రాద్దామనుకున్నాను. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను కూడా. నాలుగు అక్షరాలు నేర్చుకున్నందుకు నన్నెంత ఎగతాళి చేసేవాడివో గుర్తొచ్చి మడిచి పక్కన పెట్టాను. "రాసుడొస్తే తహసీల్దారువైతవా ఏంది? నాడె ఇసురు ర బామ్మర్ది!" అనేవాడివి కదా.

ఇవాళ మాత్రం రాయక తప్పడం లేదు.

నీ బిడ్డను పొద్దున మగ్గం గుంతలో ఏదో కుట్టింది బావా.

ఏదో అంటున్నాను, ఎందుకంటే అదేమిటో ఎవరూ చూడలేదు. చద్దన్నం తిని ఇద్దరం మగ్గం మీద కూర్చున్నాం. నీ వైపు జములి, నా వైపు నేను. పట్టు అంచూ నూలు బట్టా కలిసే చోట అతుకు సరిగ్గా పడిందో లేదోనని, నువ్వు నేర్పినట్టే, బట్ట కిందికి చేయి పోనిచ్చి వేలితో తడిమింది. చటుక్కున చేయి వెనక్కి లాక్కుంది. చూపుడు వేలు నోట్లో పెట్టుకుంది. ముల్లు గుచ్చుకుందని చెప్పింది.

ముల్లు... ఆ మాట వినగానే నా చేతిలో పోగు విసిరే నాడె జారి గుంతలో పడింది. నువ్వు కూడా ముల్లనే అన్నావు. మగ్గం గుంతలో ముల్లెక్కడిది?

పిల్లను రెక్క పట్టి పైకి లాగాను. లాంతరు తెచ్చి, కర్ర పట్టుకుని గుంతంతా వెతికాను. వానకు గోడ నాని, బట్టకు ఆనుకుని ఉండే చోట నెర్రె విచ్చింది. ఆ నెర్రెలో జానెడు కుబుసం ఉంది. పాము లేదు. కుబుసం మెత్తగా ఉంది. నిన్నటిదా, పోయిన నెలదా? ఈ ముసురులో అప్పడాలే మెత్తబడుతున్నాయి, కుబుసాన్ని చూసి ఏం చెప్పగలం? దాని మీద రంగూ ఉండదు, చారా ఉండదు. ఏ పాము విడిచిందో ఏమని పోల్చుకోను?

వేలి మీద ఒక్క ఎర్ర చుక్క ఉంది. రెండోది ఉందో లేదో నాకు తెలియలేదు. వాపు లేదు. నొప్పి లేదంటోంది. నీకూ వాపు లేదు బావా. నీకూ నొప్పి లేదు.

దవాఖాన నుంచి కంపౌండర్ వచ్చి, వేలి మీద కత్తితో గీసి, ఊదారంగు మందు పోసి కట్టు కట్టాడు. పాము కాకపోవచ్చన్నాడు. అవునో కాదో సాయంత్రానికి తెలిసిపోతుందన్నాడు. నడిపించొద్దు, నిద్ర పోనివ్వొద్దు, మాట్లాడిస్తూ ఉండమన్నాడు. అక్క పక్కన కూర్చుని మాట్లాడిస్తోంది. నేను గడప మీద కూర్చుని నీకు రాస్తున్నాను. ఇక్కడి నుంచి జములి ముఖం కనిపిస్తుంది. మగ్గానికి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

నేను చూస్తున్నది ఆ కళ్లనే.

నీకు అసలు సంగతి చెప్పాలి. కోటలో పెళ్లికని అడిగిన చీర ఇంకా మగ్గం మీదే ఉంది. నువ్వు లేవని తెలిశాక వాళ్లు వేరే ఇంటికి ఇచ్చేస్తారనుకున్నాం. ఇవ్వలేదు. దసరాకు కావాలని మళ్లీ కబురు పంపారు. ఆ అంచు నువ్వు తప్ప ఎవరూ నేయలేరని నేను చేతులెత్తేశాను. జములి ఒప్పుకోలేదు. నువ్వు అడవిలో చూసినవాటిని ముడులుగా గుర్తు పెట్టుకున్న పోగుల చిట్టెం ముందు పెట్టుకుని, ఒక్కొక్క ముడీ విప్పకుండా చదువుకుని, మగ్గం ఎక్కింది. ఆడపిల్ల గుంతలో కాళ్లు పెట్టి కూర్చుందని వీధి వీధంతా నోరు నొక్కుకుంది. నొక్కుకోనీ. నీ బిడ్డ కదా, వింటుందా?

ఇవాళ మాత్రం ఆ వీధే వచ్చి మన గడప ముందు నిలబడి ఏమంటోందో తెలుసా? పాము పగ అంటున్నారు. అడవి నుంచి వెతుక్కుంటూ వచ్చిందట. వనపర్తి మీదుగా, కృష్ణ దాటి, దారి అడుక్కుంటూ వచ్చిందేమో! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ జలదరించింది. పగ పట్టడానికి మనం దానికి ఏం చేశాం? అది విడిచిన తొడుగును నువ్వు ముట్టుకున్నావు. అంతే కదా?

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. కళ్లు బాగానే ఉన్నాయి. ఎందుకలా గుడ్లప్పగించి చూస్తావని నన్నే విసుక్కుంది.

బావా, ఆ అడవి ప్రయాణం నీకు ఎవరు చెప్పారు? మల్దకల్ తిమ్మప్ప జాతర తప్ప ఏ ఊరూ ఎరగని మనిషివి. అంచు మీద నెమలి నేయవయ్యా, చిలుక నేయవయ్యా, హంస నేయవయ్యా అని కోట నుంచి వచ్చినాయన చెబుతుంటే తల అడ్డంగా ఊపావు. ఆయన వెళ్లాక నా మీద పడ్డావు. "హంసను ఎవడు చూసిండు ర? మీ తాత చూసిండా? చూడంది నేస్తే అది అబద్ధం. పట్టు మీద అబద్ధమాడొద్దు." మన తాతలు నేసిన హంసలన్నీ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి.

ఆ పిచ్చితోనే నన్ను లాక్కుపోయావు. బీచుపల్లి రేవులో పుట్టి ఎక్కితే, ఆ గుండ్రటి బుట్ట నీళ్ల మీద తిరుగుతుంటే, నువ్వు నా భుజం పట్టుకుని కళ్లు మూసుకున్నావు. చూడాలనే కదా వచ్చావు, నదిని చూడవేమని నేను ఆటపట్టించాను. వనపర్తి దాకా బండి మీద, అక్కడి నుంచి కొల్లాపూర్ దాకా ఇంకో బండి మీద వెళ్లాం. మామిడి తోటలు దాటాక నల్లమల మొదలైంది. దారి చూపడానికి ఈదన్న అనే చెంచు పెద్దాయన వచ్చాడు. తొలి వానలు పడి అడవంతా ఆకు వేసింది. అంత ఆకుపచ్చ నేను ఎన్నడూ చూడలేదు. ఎండిన రేగళ్లలో పెరిగినవాళ్లం, మనకు ఆకుపచ్చంటే రంగు వేసిన పట్టే కదా?

నువ్వు చిన్నపిల్లాడివైపోయావు. చెట్టు బోదెకు అంటుకున్న ఉడుమును చూసి, దాని మెడ మీది మడతలు లెక్కపెట్టావు. ఊసరవెల్లి రంగు మారుతుంటే, రంగులద్దే మన సాయిబుకు దాన్ని కట్నంగా తీసుకుపోదామన్నావు. పసిరిక పాము కొమ్మ నుంచి తీగలాగా వేలాడుతుంటే నేను వెనక్కి దుంకాను, నువ్వు ముందుకు వంగావు. ఆ పచ్చకు పోగు దొరకదని బాధపడ్డావు. చూసిన ప్రతిదాన్నీ మొలలో దోపుకున్న చిట్టెంలో ముడులు వేసుకున్నావు. అడవికోడి తోకకు ఒక ముడి, పాలపిట్ట రెక్కకు ఇంకో ముడి... నాకేమో అవన్నీ చిక్కులే.

అప్పుడు తోక పిగిలిపిట్ట కనిపించింది. వాగు పక్కన, మడుగు మీదికి వంగిన కొమ్మ మీద. ఒళ్లంతా తెలుపు, తల నలుపు, వెనక రెండు పొడుగాటి తోక ఈకలు. అది ఎగిరితే ఆ ఈకలు గాలిలో ఆడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నీ వేళ్లు ముడులు వేస్తూనే ఉన్నాయి. పిట్ట వెళ్లిపోయాక చూస్తే నీ కళ్లలో నీళ్లు.

ఇంక పోదాం పద అన్నాను. నువ్వు కదిలితే కదా! "మొదటిసారి మనసు చూస్తది, రెండోసారి కన్ను చూస్తది. రెండోసారి చూడంది కన్ను పెట్టొద్దు." ఇది నీ కట్టడి. ఏ ప్రాణిని నేసినా కన్ను చివరనే పెడతావు, అదీ రెండోసారి చూశాకనే. ఇంట్లో కోళ్లకూ చిలుకలకూ ఆ కట్టడి బాగానే నడిచింది. అడవి పిట్ట రెండోసారి రావాలని రాసిచ్చిందా బావా?

ఇక్కడ ఆపి లోపలికి వెళ్లాను. మసీదులో మధ్యాహ్నపు నమాజుకు పిలిచారు. వీధిలో వాళ్లెవరో వేపాకు తెచ్చి ఇచ్చారు. విషం ఎక్కితే చేదు తెలియదు కదా, అందుకని జములితో నమిలించాం. ముఖం చిట్లించింది. చేదుగా ఉందని చెప్పింది. అక్క గుండె మీద చేయి వేసుకుని తిమ్మప్పకు దండం పెట్టింది.

నేను పెట్టలేదు. నాకు వేపాకు మీద నమ్మకం లేదు. దాన్ని చెడగొట్టింది నువ్వే.

మర్నాడు అదే మడుగు దగ్గర కూర్చున్నాం. ఆ పొద్దు అడవి ఎందుకో బావుండలేదు. వానా లేదు, ఎండా లేదు. ముందురోజు చెవులు చిల్లులు పడేట్టు అరిచిన పిట్టలు ఒక్కటి కూడా కూయలేదు. ఈదన్న పదే పదే లేచి నిలబడి చుట్టూ చూశాడు. పోదామని రెండుసార్లు అడిగాడు. నువ్వు చేయి అడ్డంగా ఊపావు. నేను తల ఎత్తి కొమ్మలు చూస్తున్నాను, పిట్ట ఎటు నుంచి వస్తుందోనని. నువ్వు పక్కనున్న బండ కింద ఏదో చూశావు. సగం బయటికీ సగం లోపలికీ ఉన్న కుబుసం. పొలుసు మీద పొలుసు, వరస తప్పకుండా. "చూసినవా ర, గిది అంచంటే!" అన్నావు.

పట్టుకుని లాగితే చినుగుతుందని లాగలేదు. మగ్గం మీద చేసినట్టే చేశావు. మనం నేసేటప్పుడు అంచు ముఖం కిందికి ఉంటుంది కదా, పైన కనిపించేది వెనక వైపే. అందుకే నీకు కన్ను మీద గురి లేదు. "కన్ను మోసం చేస్తది, ఏలు చెయ్యది" అని నాకు చెప్పావు, జములికి చెప్పావు, వీధిలో మగ్గం ఎక్కిన ప్రతివాడికీ చెప్పావు. ఆ వేలినే బండ కిందికి పోనిచ్చి, పొలుసుల వరసను కింది నుంచి తడుముకుంటూ వెళ్లావు. నేతగాడు తప్ప ఇంకెవడైనా పాము కుబుసాన్ని కింది నుంచి తడుముతాడా బావా? రైతయితే కర్రతో లాగేవాడు. చెంచాయన దాని జోలికే పోడు.

విడిచిన తొడుగు పక్కనే విడిచినది పడుకుని ఉంటుందని నీకెందుకు తోచలేదు?

"ఏం లేదు, ముల్లు. గింత ముల్లుకు గంత పరేషాన్ ఐతవేంది?" అన్నావు. ఈదన్న బండను తిరగేసి చూసి, ముఖం నల్లబడి, పరుగున పోయి వేపాకు తెచ్చాడు. నువ్వు నమిలి ముఖం ఎంత వంకర పెట్టావని! "థూ... దీనికన్న మీ అక్క వండిన కాకరకాయ నయం ర!" నేను నవ్వాను. అమ్మయ్య, చేదు తెలిసిందనుకున్నాను. నేను నీళ్లకని మడుగులోకి దిగినప్పుడు మాత్రం, గడ్డి నమిలినట్టే ఉందని ఈదన్నతో అన్నావట. నాకు చెప్పొద్దని ఆయన చేయి పట్టుకున్నావట. ఎందుకు? చెబితే నేను నిన్ను భుజాన వేసుకుని పరిగెత్తేవాణ్ని. పిట్ట రెండోసారి కనిపించేది కాదు. అందుకేనా? ఆయన ఈ సంగతి నాకు కొల్లాపూర్ దారిలో చెప్పాడు. అప్పటికి నువ్వు వినేలా లేవు.

నీ మీద నాకు ఎంత కోపమో తెలుసా బావా? ఏడాది నుంచి ఈ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మగ్గం మీద చూపిస్తున్నాను. పోగును బిగించే అచ్చు కొడుతుంటే దెబ్బ గట్టిగా పడుతోంది, బట్ట మందమవుతోందని జములి తిడుతోంది.

అందుకే చెబుతున్నాను, వేపాకు చేదన్నదని నేను నమ్మను. ఆ పిల్ల నీ కూతురు. తల్లి భయపడుతుందనుకుంటే గడ్డిని కూడా చేదంటుంది.

మధ్యాహ్నం దాటింది. వాన సన్నగా పడుతూనే ఉంది. జములి మాట కొంచెం ముద్దగా వస్తోందా అని అనుమానం వచ్చింది. మెల్లగా వెళ్లి, పడుగు ఎంత మిగిలిందని అడిగాను. చెప్పింది. సరిగ్గానే చెప్పింది. నాలుక బాగానే తిరిగిందని అక్క అంటోంది. నాకేమో అంత బాగా తిరిగినట్టు లేదు... నా చెవులనూ నమ్మలేకపోతున్నాను.

పోయిన నెల నుంచి నాకూ జములికీ ఒకటే పోరు. అంచు మీద పిగిలిపిట్ట దిగింది బావా. నీ ముడులు ఎంత చక్కగా పలికాయో చూడాల్సింది. తోక ఈకలు రెండూ జరీలో వంపు తిరిగి పక్క పిట్ట మెడ దాకా వచ్చాయి. కన్ను ఒక్కటే లేదు. కన్ను చోటు వదిలేసి నేస్తోంది. తర్వాత సూదితో పెడుతుందట. రెండోసారి చూడనిదే పెట్టొద్దని నాయన కట్టడి కనక, నాయన చూడలేకపోయిన రెండోసారి తను చూసి వస్తుందట. అడవికి తీసుకుపొమ్మని నా ప్రాణం తీసింది.

నేను చూశాను కదా, నేను పెడతానన్నాను. పెట్టాను కూడా. మర్నాడు చూస్తే విప్పేసి ఉంది. అది పిగిలిపిట్ట కన్ను కాదట, కూరకు పట్టుకున్న కోడి కన్నట. అక్క కూడా నవ్వింది. నువ్వు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

అయినా నేను ఒప్పుకోలేదు. నది నిండుగా ఉందన్నాను. పుట్లు తిరగడం లేదన్నాను. కొల్లాపూర్ దారి బురదన్నాను. ఈ ఇంటి మనిషిని ఒకరిని ఆ అడవికి ఇచ్చాను, ఇంకొకరిని ఇవ్వనని కడుపులో మాట. పైకి అనలేదు. నా మేనకోడలు నా కళ్ల ముందు, నా మగ్గం మీద, నా ఇంటి గుంతలో భద్రంగా ఉండాలనుకున్నాను.

భద్రంగా! నేను అడవి వైపు కాపలా కాస్తుంటే, ఆ పాము నా కాళ్ల కిందే గూడు కట్టుకుంది. రోజూ అదే గుంతలో కదా నా కాళ్లు కూడా ఉన్నది? ఎన్నాళ్ల నుంచి ఉందో. నిన్న ఉందా? మొన్న జములి పాడుకుంటూ కూర్చున్నప్పుడు వింటూ ఉందా?

పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయింది. అడవిలో నీకు ఈ వేళకే మొదలైంది. పిట్ట రాలేదు. పద పోదామని లేపితే లేచావు, నాలుగడుగులు వేశావు. తలెత్తి నన్ను చూశావు. రెప్పలు సగానికి దిగి ఉన్నాయి. వేళ్లతో పైకి ఎత్తుకోబోయావు. "అప్పుడే పొద్దు గూకిందా బామ్మర్దీ?" అని అడిగావు. చెట్ల మధ్య నుంచి ఇంకా ఎర్రటి ఎండ నీ ముఖం మీదే పడుతోంది. గూకిందన్నాను.

తర్వాత నువ్వు అన్న మాట ఒక్కటే. "కన్ను పెట్టలే ర ఇంక..." అంతే. ఆ తర్వాత నిన్ను మోసుకుని, నీ ఊపిరి కోసం చెవి పెట్టి నడిచాం. కొల్లాపూర్ చేరకముందే అది ఆగింది. నది పొంగి పుట్లు ఆపేశారు. నిన్ను ఇవతలి ఒడ్డుకు తేలేకపోయాను. అక్కడే సాగనంపాను. అక్కకు నిన్ను చూపించలేదు, చిట్టెం చూపించాను.

ఆవులు ఇళ్లకు వస్తున్నాయి. గంటలు వినిపిస్తున్నాయి. నేను ఇంకోసారి వెళ్లి చూడాలి.

చూసొచ్చాను.

రెప్పలు బరువుగా ఉన్నాయి. అవును, బరువుగానే ఉన్నాయి. పొద్దుటి నుంచి గోడకు కూర్చోబెట్టాం, పడుకోనివ్వలేదు, మాట్లాడి మాట్లాడి అలసిపోయింది, అందుకేనేమో. నిద్రేనేమో. నిద్రకూ దానికీ తేడా ఎలా తెలుస్తుంది? నీకు తెలిసి ఉంటుంది. అది ఎలా ఉంటుందో చెప్పు. రెప్పలు దిగేటప్పుడు ఏమనిపిస్తుంది? ఎవరైనా పిలుస్తున్నట్టు ఉంటుందా?

పిలుస్తున్నది నువ్వైతే, మానుకో. నీకు దండం పెడతాను. జోడు లేక అక్కడ మగ్గం నడవడం లేదేమో, నన్ను పిలుచుకో, నేను వస్తాను. ఆ పిల్ల జోలికి రాకు.

కాగితం ఇక్కడ తడిసింది. వాన కాదు.

పొద్దు గూకే వేళ మగ్రిబ్ పిలుపు వినిపించింది. అక్క దీపం వెలిగించి జములి ముఖం దగ్గర పెట్టింది. కళ్లు మూసి ఉన్నాయి. అక్క పేరు పెట్టి పిలిచింది. పలకలేదు. నేను గడప మీదే నిలబడిపోయాను.

అప్పుడు తెరిచింది బావా. రెండూ తెరిచింది. దీపాన్ని పక్కకు తోసి, మా ఇద్దరినీ దాటి, ఎదురుగా మగ్గం వైపు చూసింది. కట్టు కట్టిన వేలితోనే చూపిస్తూ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నా వైపు అంచులో ఎర్ర పట్టు పోగు దాటి తెల్ల నూలు మీదికి వచ్చిందట. పొద్దున పరధ్యానంగా నాడె విసిరానట. అది విప్పకుండా ముందుకు నేస్తే చీర పాడవుతుందట.

నేను దీపం తీసుకుని మగ్గం దగ్గరికి వెళ్లాను. నాకేమీ కనిపించలేదు. అలవాటుగా బట్ట కిందికి చేయి పోబోయింది. వేళ్లు బట్ట అంచు దాకా వెళ్లి ఆగాయి. చేయి వెనక్కి తీసుకుని, దీపం దగ్గరికి వంచి, కళ్లు చిట్లించి వెతికాను. ఉంది. వెంట్రుక మందాన, ఒకే ఒక్క ఎర్ర పోగు, తెల్ల నూలు మీద. అంత దూరం నుంచి, ఈ గుడ్డి వెలుతురులో, కూర్చున్న చోటు నుంచి కదలకుండా చూసింది.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. పోగు తప్పినందుకు ఎవరైనా అంత ఏడుస్తారా అని అది ఆశ్చర్యపోయింది.

ఇప్పుడు అంబలి తాగుతోంది. ఉప్పు తక్కువైందని అక్క మీద కేకలేస్తోంది. కంపౌండర్ వచ్చి చూసి, ఇంక గండం గడిచినట్టేనన్నాడు. కుట్టింది జెర్రో, విషం లేని పామో, గోడలోని పుల్లో. నాకు తెలియదు. కుబుసం విడిచినది మాత్రం ఈ ఇంట్లోనే ఎక్కడో ఉంది. ఇవాళ దొరకలేదు.

బావా, ఇదే నా మాట. రేపు గుంత గోడకు సున్నం కలిపిన మట్టి మెత్తుతాను. బట్ట కింద చిన్న అద్దం పెడతాను. అంచు ముఖం అందులో కనిపిస్తుంది. ఇంక ఈ ఇంట్లో ఎవరూ కింది నుంచి వేలితో తడమరు. నువ్వు కోపం చేసుకున్నా సరే. నది తగ్గగానే, రేవులో పుట్లు తిరగగానే, జములిని నేనే అడవికి తీసుకుపోతాను. కర్ర పట్టుకుని ముందు నేను నడుస్తాను. అదే మడుగు దగ్గర కూర్చోబెడతాను. పిట్ట రాకపోతే రాలేదని లేపుకుని పొద్దుండగానే వచ్చేస్తాను.

కన్ను మోసం చేస్తుందన్నావు కదా. ఇవాళ చేయలేదు. నీ పిట్టను రెండోసారి నీ బిడ్డ చూస్తుంది బావా. కళ్లతోనే చూస్తుంది.

నీ బామ్మర్ది,
ఉరుకుందు